కొత్త గొంతు

"ఏంటి మేడం, ఇంకా ఆ గొంతు మీద కోపం పోలేదా?" అంది హెడ్‌ఫోన్ల పిల్ల, కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే.

"నాకెందుకమ్మా కోపం? యంత్రం మీద ఎవరైనా అలుగుతారా?" అంది మైకమ్మ. అంటూనే చేతిలోని బస్సుల వేళల కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పింది.

బస్‌స్టేషన్లో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ముప్పై మూడేళ్ళుగా గాజు గదిలో కూర్చుని బస్సుల వేళలు చెబుతోంది కాబట్టి, స్వీపరు నుంచి మేనేజరు దాకా అందరికీ మైకమ్మే. వాళ్ళంతా తన తర్వాత వచ్చినవాళ్ళే. చిత్రమేమిటంటే, తన గొంతు బయట ఎలా వినిపిస్తుందో ఆమె ఒక్కనాడూ వినలేదు. గదిలో స్పీకరుంటే మైకు కీచుమంటుందని అసలు పెట్టనేలేదు.

ఇప్పుడా కుర్చీకే ఎసరొచ్చింది. వారం రోజులుగా పొద్దున మైకమ్మ, మధ్యాహ్నం కంప్యూటరు గొంతు. ఏది నచ్చిందో ప్రయాణికులు గేటు దగ్గర బటన్ నొక్కి చెప్పాలి. ఈ సాయంత్రం నాలుగింటికి ఫలితం. ఓడిపోతే మిగిలిన రెండేళ్ళ సర్వీసూ పోయిన సామాన్ల గదిలో, గొడుగుల మధ్యా చెప్పుల మధ్యా గడపాలి. అక్కడ నోరు తెరిచే పనే ఉండదు. తలుచుకుంటేనే ఆమెకు అన్నం సయించడం లేదు.

హెడ్‌ఫోన్ల పిల్ల ఆ కంప్యూటరు పెట్టడానికి వచ్చిన ఇంజనీరు. వచ్చిన రోజే స్టోర్‌రూం అంతా తిరగేసి, మైకమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో చదివి పెట్టిన, ఆమె సెలవు రోజుల్లో వేసే పాత క్యాసెట్ల పెట్టె చూసి, "మేడం, ఏం వైబ్ అండీ బాబూ!" అని గంతేసింది. అది పొగడ్తో తిట్టో తెలియక మైకమ్మ లాగ్‌బుక్కు చివరి పేజీలో రాసుకుంది. అక్కడ అప్పటికే 'క్రింజ్', 'చిల్' ఉన్నాయి. అర్థాలు రాయాల్సిన చోటంతా ఖాళీ.

మర్నాడు ఆ పిల్ల పలక లాంటి ఫోనొకటి చేతికిచ్చి, "చదివి, ఓకే అయితే వేలితో సైన్ చేయండి" అంది. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. అర్థం కాలేదంటే ముసలిదనుకుంటారని, మైకమ్మ చదివినట్టే కళ్ళు పైకీ కిందికీ తిప్పి, అడిగిన చోటల్లా వేలు గీసేసింది.

"టెన్షన్ ఎందుకు మేడం? ఏది గెలిచినా మీకు విన్-విన్ కదా!" అంది ఇప్పుడా పిల్ల.

'నీ చల్లటి మాటలూ నువ్వూనూ' అనుకుని మైకమ్మ బయటికొచ్చింది. స్పీకర్లు మోగాయి.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మూడున్నర బస్సు నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది."

దగ్గు లేదు, జీర లేదు. బెంచీ మీది పసిపిల్ల తల్లి, "ఎంత ముద్దుగా చెబుతోందో!" అంది పక్కావిడతో. పొద్దున ఇలాంటి మాటే చెబుతూ మైకమ్మ రెండుసార్లు దగ్గింది. 'ఆ "నాలుగో" దగ్గర సాగదీయడం ఏమిటో, వయ్యారం కాకపోతే!' అని మనసులోనే విసుక్కుంది.

నాలుగింటికి మేనేజరు బోర్డు మీద అంకెలు పెట్టించాడు. వందకి ఎనభై ఒకటి కొత్త గొంతుకే.

మైకమ్మ బోర్డు వైపు మళ్ళీ చూడలేదు. లాగ్‌బుక్కు సంకన పెట్టుకుని నాలుగో నంబరు ప్లాట్‌ఫారం వైపు నడిచింది. అక్కడ బెంచీ మీద ఆమె భర్త కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. రిటైరైన డ్రైవరు. కుర్రతనంలో డిపోవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి తన బస్సుని ఈ ప్లాట్‌ఫారానికే మార్పించుకున్నాడు. ఎందుకని ఆమె అడిగితే, ఇక్కడ నీడ బాగుంటుందనేవాడు. రోజూ ఆరింటికి వచ్చి గేటు బయటే స్కూటరు ఆపేవాడు, ఫలితం రోజని ఈవేళ ముందే లోపలికొచ్చాడు.

"ఏమండీ, ఓడిపోయాను."

"ఉష్! ఉండు, మళ్ళీ చెబుతోంది" అన్నాడు వేలెత్తి.

ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. "మీరూ ఆ పిల్ల పక్షమేనన్నమాట! ముప్పై ఏళ్ళు కాపురం చేసినదాని గొంతు మాత్రం ఎవరికీ అక్కర్లేదు."

అతను కళ్ళు తెరిచాడు. అవి తడిగా ఉన్నాయి. స్పీకరు వంకా, ఆమె వంకా మార్చి మార్చి చూశాడు.

"పిచ్చిదానా, అది నీ గొంతే."