దుప్పటి కింది చెయ్యి

ప్రూయిట్, మా పాప ఫోటోలో చెయ్యి చెరిపేశావు.

పాప కదలకుండా ఉండాలని నా పెళ్లాం డీలియా ఒళ్లో కూర్చోబెట్టించి, ఫోటోలో పాపొక్కతే పడాలని తల్లి మీద దుప్పటి కప్పావు. "ఎలాగూ నన్ను కుర్చీని చేశావు, కాస్త అందమైన కుర్చీగా తియ్యి బాబూ!" అంది లోపలినుంచి. "కుర్చీలు మాట్లాడవమ్మా," అన్నావు. అంతలో పాప జారబోతే దుప్పట్లోంచి డీలియా చెయ్యొచ్చి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే తీశావు.

నిన్న నువ్వు పంపిన ఫోటో కార్డులో ఆ చెయ్యి లేదు. "తప్పు కనబడకుండా, ఫోటో అచ్చువేసే గాజుపలక మీద రంగు పూశాను" అని వెనక గొప్పగా రాశావు. దాని కిందే ఇది రాసి తిప్పి పంపుతున్నాను.

నువ్వు ఫోటోలు తీసే రైలుపెట్టె మా సైడింగులో, పక్కపట్టాల మీద ఉంది. అది పెద్దలైను ఎక్కాలంటే మీట తాళం తీసి పట్టాలు మలపాలి. ఆ తాళంచెవి ఈ గ్యాంగ్‌మన్ జేబులో ఉంది. మా మేస్త్రీతో చెప్పుకో, ఉద్యోగం పీకించు, తాళంచెవి మాత్రం ఇవ్వను.

డీలియా అంతకుముందెప్పుడూ ఫోటో దిగలేదు. మొన్న మంగళవారం జ్వరంతో పోయింది. పాపకి చూపించడానికి వాళ్లమ్మది ఆ చెయ్యొక్కటే మిగిలింది.

రంగు కడిగి మళ్లీ అచ్చువెయ్యి. శనివారం నీ పెట్టెను తగిలించుకుపోయే పడమటి బండి కూసేలోగా ఫోటో నా గుమ్మంలో ఉండాలి.