బ్యాక్‌హ్యాండ్‌కి ఏ రబ్బరు?

“ఇంత స్పీడు అక్కర్లేదండి,” అంటూ ఆమె ఎర్ర రబ్బరును కౌంటరు మీద పెట్టేసింది.

షాపాయన ఇంకో రెండు తీసి ముందు పరిచాడు. టేబుల్ టెన్నిస్ బ్యాట్లకు రబ్బర్లు అతికించడం ఆయన పని. ఒకప్పుడు బాగానే ఆడేవాడు. ఎనిమిదేళ్ళ కిందట భుజం పాడై మానేశాడు. అప్పటి నుంచి ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. ఆర్నెల్ల కిందట బావమరిది షాపు చూసుకోవడానికి ఈ ఊరొచ్చాడు. కొలిచి కోయడం, జిగురు రాయడం, రోలరుతో అదమడం. చేతుల పాటికి చేతులు పని చేసుకుపోతాయి. మనసు మాత్రం ఎక్కడా ఉండదు.

“ఎవరికమ్మా?”

“మా చెల్లెలికి. పంతొమ్మిదేళ్ళు. మూడు వారాల్లో సెలక్షన్ మ్యాచ్. గెలిచినవాళ్ళు జట్టులోకి వెళ్తారు. ఉన్నది ఒక్క చోటే.”

ఆమె మందుల చీటీ చదువుతున్నట్టు చెప్పింది. ముప్ఫై దాటిన మనిషి. చెల్లెలి బ్యాటు పాత తువ్వాల్లో చుట్టి తెచ్చింది.

“అవతల ఆడేదెవరు?”

“నా ఈడావిడే. పదకొండేళ్ళుగా ఆ చోటు వదలట్లేదు. మా చెల్లెలు మూడుసార్లు ఓడింది ఆవిడ చేతిలో. ఈసారీ ఓడితే ఇంక బ్యాటు ముట్టుకోనందట. కోచ్ గారు చెప్పారు.”

“అయితే స్పీడే కావాలి కదమ్మా. ఊపిరి తీసుకోనివ్వకుండా కొట్టాలి.”

“స్పీడు ఆవిడకి ఒక లెక్క కాదు. ఎంత గట్టిగా కొడితే అంత తేలిగ్గా తిప్పి పంపుతుంది. సర్వీసులో బంతిని కిందికి కోస్తుంది చూడండీ, సగం పాయింట్లు దాంతోనే లాగేస్తుంది. నాలుగేళ్ళ కిందట ఒక్కసారి తడబడింది. అవతలి పిల్లది పింపుల్స్ రబ్బరు.”

షాపాయన అడుగు సొరుగు లాగాడు. ఈ రోజుల్లో దాన్ని అడిగేవాళ్ళు తక్కువ. మెత్తటి ముళ్ళలాంటి పొడవాటి పింపుల్స్ ఉన్న నల్ల రబ్బరు బయటికి తీశాడు.

“బ్యాక్‌హ్యాండ్‌కి ఇది వేద్దాం. ఆవిడ కోసిన కోత ఆవిడ మీదికే తిరగబడుతుంది. ఫోర్‌హ్యాండ్‌కి మాత్రం బంతిని పట్టి విసిరే జిగట రబ్బరు. మూడు వారాలు గట్టిగా సాధన చేస్తే చెయ్యి అలవాటవుతుంది.”

“ముందు చూడాలి,” అంది ఆమె.

రెండూ తాత్కాలికంగా అతికించాడు. షాపు వెనకగదిలో బల్ల ఉంది. ఆ బ్యాటు తను పట్టుకుని, ఆమెకు షాపులోది ఒకటి ఇచ్చాడు. ఆమె సర్వీసు వేసింది. భుజం నొప్పి పుట్టకుండా ఆయన నల్ల వైపు ఊరికే అడ్డం పెట్టాడు. బంతి ఏదో నిద్రలో నడిచినట్టు వెనక్కి వెళ్ళింది. ఆమె కొట్టింది, వలలో పడింది. మళ్ళీ వేసింది, మళ్ళీ వల. మూడోది బల్ల దాటిపోయింది.

అక్కకి ఆట అంతగా రాదు కాబోలు, పాపం, అనుకున్నాడాయన.

“ఇదే పెట్టండి,” అంది ఆమె. గొంతులో సంతోషమూ లేదు, విసుగూ లేదు. “ఇంకోటి. వీలైనప్పుడల్లా బంతి ఆవిడకి కుడి చివరకి వెయ్యాలి. కుడి మోకాలు బాలేదు. ఆ సంగతి ఎవరికీ తెలీదు. కోచ్ గారికి చెప్పండి, ఆయన దానికి నేర్పుతారు.”

“ఆవిడ మీద పగబట్టినట్టున్నారే.”

“పగేం లేదండి. గెలిచినా ఆవిడకి ఏమీ అనిపించదు. రెండేళ్ళుగా చూస్తున్నాను. చెయ్యి కలుపుతుంది, బ్యాటు తుడుచుకుంటుంది, ఇంటికెళ్ళి పడుకుంటుంది.”

“మరి మానెయ్యొచ్చు కదా?”

“ఊరికే వదిలేసిన చోటుకి మా చెల్లెలు రాదు. దానికి పౌరుషం ఎక్కువ.”

ఆయన జిగురు డబ్బా మూత తీశాడు. ఆమె లేచింది.

“బ్యాటు నాకిచ్చింది కోచ్ గారే, ఆయనే వచ్చి తీసుకెళ్తారు. నేనొచ్చినట్టు చెల్లెలికి తెలియకూడదు. నేనిప్పించానంటే తాకదు. మా మధ్య మాటల్లేక రెండేళ్ళయింది.”

“తోడబుట్టినవాళ్ళు కదమ్మా.”

“అందుకే,” అని ఆమె బయటికి నడిచింది.

ఆ రోజు ఆయన జిగురు రెండుసార్లు రాశాడు. అంచులు చేతివేలితో తడిమి చూసుకుని మరీ కోశాడు. ఇంత శ్రద్ధగా పని చేసి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తు రాలేదు. సాయంత్రం వచ్చిన కోచ్‌కి కుడి మోకాలి సంగతి చెబితే, ఆయన బ్యాటు అటూ ఇటూ తిప్పి చూసి, “అలాగే,” అన్నాడు. వెళ్తూ వెళ్తూ మ్యాచ్‌కి ఒక పాసు కౌంటరు మీద పెట్టాడు.

వెళ్ళకూడదనే అనుకున్నాడు షాపాయన. మూడు వారాలకి, మ్యాచ్ ఉన్న ఆదివారం, షాపుకి తాళం వేశాక కాళ్ళు అటే నడిచాయి. హాలు చేరేసరికి ఆఖరి గేమ్ నడుస్తోంది. లోపల నిలబడ్డానికి చోటు లేదు. గుమ్మంలోంచి జనం తలల మధ్య బల్లలో ఇవతలి సగం మాత్రం కనిపిస్తోంది. సన్నటి పిల్ల, చెమటతో తడిసిన చొక్కా, చేతిలో తను అతికించిన నల్ల రబ్బరు.

తొమ్మిది తొమ్మిది. ముందు పదకొండు చేరినవాళ్ళదే గెలుపు. అవతలి నుంచి కోసిన సర్వీసు వచ్చింది. పిల్ల నల్ల వైపు అడ్డం పెట్టింది. బంతి నిద్రలో నడిచినట్టు వెళ్ళి తిరిగి రాలేదు. తర్వాతి బంతి దూరంగా కుడి చివరకి వేసింది. అదీ రాలేదు.

హాలంతా లేచింది. ఆయన గుండె ఒక్కసారి కొట్టుకుంది, ఎనిమిదేళ్ళ తర్వాత. ఆ పదకొండేళ్ళ మహాతల్లి మొహం ఎలా మాడిపోయిందో చూద్దామని మోచేతులతో దారి చేసుకుని ముందుకెళ్ళాడు. పిల్ల వల దగ్గర తల వంచుకుని ఏడుస్తోంది.

అవతల చెయ్యి చాపి నిలబడింది అక్క.