నలభై మీటర్ల ఎడం

ఆ ఆదివారం కూడా అదే జరిగింది.

ఉర్పో విసిరిన డిస్కు అరవై మీటర్లు పోయి, అలిసిపోయిన కాకిలా ఎడమకి ఒరిగి, బ్లూబెర్రీ పొదల్లో కూలబడింది. సైమా డిస్కు, తూరె డిస్కు మాత్రం బిర్చి చెట్ల మధ్యనుంచి దూసుకుపోయి, వంద మీటర్ల అవతల, పీటల మీద కూర్చున్న జంటలా పక్కపక్కన వాలాయి.

సైమా అతని భార్య. పాతికేళ్ళ కాపురం. తూరె వాళ్ళ క్లబ్బువాడు. పెళ్ళికాలేదు. పళ్ళ వరస బాగుంటుంది.

డిస్కు గోల్ఫులో ఎవరి డిస్కు పడినచోటికి వాళ్ళు నడవాలి. చివర్న గొలుసుల బుట్టలో వేసేదాకా అదే నడక. అలాంటి బుట్టలు అడవిలో పద్దెనిమిది. పద్దెనిమిది సార్లూ ఉర్పో పొదల్లో వెతుక్కుంటూ ఉండిపోతే, వాళ్ళిద్దరూ బాట అంచునే ముందుకు వెళ్ళిపోతారు.

నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి అతన్ని చూస్తారు. తూరె తన నడుం మీద చేతులు వేసుకుని అటూ ఇటూ తిప్పుతాడు. సైమా విరగబడి నవ్వుతుంది. ఫోను మీద ఇద్దరి తలలూ దగ్గరవుతాయి. ఉర్పో పొదల్లోంచి లేచేసరికి ఆ ఫోను జేబులోకి పోతుంది.

ఏం మాట్లాడుకుంటున్నారని అడగవచ్చు. కానీ మా ఫిన్లాండు మగాణ్ణి మంచు పగలగొట్టి చెరువులో దూకమంటే దూకుతాడు, పెళ్ళాన్ని ఆ ప్రశ్న అడగమంటే అడగడు.

ఉర్పోకి రొట్టె ముక్క గొంతు దిగడం మానేసింది. పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడుతున్నాడు. మనసులో ఒకటే లెక్క. నలభై మీటర్లు. ఇంకో నలభై మీటర్లు విసరగలిగితే తన భార్య పక్కన తను నడవవచ్చు.

సరిగ్గా ఆ వారమే క్లబ్బు గోడ మీద చీటీ కనిపించింది. ‘దూరం విసరడం నేర్పుతాను. బుధవారాలు. ఆర్మాస్.’

ఆర్మాస్‌కి డెబ్భై దాటాయి. ఒకప్పుడు పోటీల్లో హ్యామర్ అనే ఇనపగుండు విసిరిన మనిషి. కళ్ళద్దాలు సీసా అడుగుల్లా ఉన్నాయి.

“ఎంత తీసుకుంటావు?” అన్నాడు ఉర్పో.

“ఫ్లాస్కులో కాఫీ, ఒక యాలకుల బన్ను. అవి లేకుండా రాకు.”

ఉర్పో డిస్కు పట్టుకుని నిలబడ్డాడో లేదో, ముసలాయన కసిరాడు. “ముందు ఆ భుజాన్ని కట్టెయ్యి. నడుం కంటే ముందే పరిగెడుతుంది.”

“నేనింకా విసరనేలేదు కదా!”

“నీ మొహం చూస్తే తెలియదా? ఎద్దుల కంటే ముందు బండి పరిగెత్తే మొహం. సరేగానీ, కట్టెలు ఎలా కొడతావు? చేత్తోనా?”

“నడుంతో.”

“మరి డిస్కు దగ్గరికొచ్చేసరికి నడుం ఏ అత్తారింట్లో పెట్టొస్తున్నావయ్యా?”

అలా మొదలైంది. అడుగులు నిదానంగా వెయ్యాలి. ముందు కాలు గుంజలా పాతాలి. బరువంతా దాని మీదికి రావాలి. అప్పుడు నడుం తిరగాలి. నడుం లాగితే భుజం, భుజం లాగితే చెయ్యి. డిస్కు రొమ్ముని రాసుకుంటూ రావాలి. చెయ్యి మాత్రం, ఆవిరి గదిలో బిర్చి మండతో వీపు కొట్టుకుంటున్నప్పుడు ఉన్నంత వదులుగా ఉండాలి. ఆఖరి క్షణంలోనే పట్టు.

“బలం పెట్టకు, బలం పెట్టకు!” అని అరిచేవాడు ఆర్మాస్. “బలం పెట్టినవాడి డిస్కు పొదల్లోకే పోతుంది.”

“బుధవారాలు ఎక్కడికి పోతున్నావు?” అంది సైమా ఒకరోజు.

“కట్టెలకి.”

“మంచిది,” అని ఫ్లాస్కు నింపి, ఇంకో బన్ను కూడా సంచిలో పడేసింది.

నన్ను బయటికి పంపడానికి ఎంత తొందర, అనుకున్నాడు ఉర్పో.

అరవై ఎనిమిది. డెబ్భై ఐదు. ఎనభై రెండు. మీటర్లు పెరిగినకొద్దీ మనశ్శాంతి తగ్గింది. అరవై దగ్గర నవ్వు కనిపించేది, అంతే. ఎనభై రెండు దగ్గర వినిపించడం మొదలైంది. మాటలు మాత్రం అందేవి కావు. అది మరీ నరకం.

అక్టోబరు ఆఖరి ఆదివారం. రేపో మాపో మంచు పడుతుంది. పడితే ఆట ఆగిపోతుంది, మళ్ళీ వసంతం దాకా సైమా పక్కన నడిచే అవకాశం రాదు. తొమ్మిదో బుట్ట చెరువు ఒడ్డున. ముందు తూరె విసిరాడు, తర్వాత సైమా. రెండూ వంద మీటర్లు.

ఉర్పో వంతు వచ్చింది. అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. వెనక ఇద్దరూ గుసగుసలాడుతున్నారు. సైమా ఫోను పైకెత్తింది. ఎత్తుకోనీ, అనుకున్నాడు. ఒక అడుగు, రెండో అడుగు, కాలు పాతాడు.

డిస్కు చేతిలోంచి వెళ్ళినట్టే తెలియలేదు. నీళ్ళ అంచు వెంబడి గాల్లో తేలుతూ పోయింది. అరవై దాటింది. ఎనభై దాటింది. సైమా డిస్కు మీదుగా ఎగిరి, మూడు మీటర్ల అవతల మెత్తగా కూర్చుంది.

ఉర్పో చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. భార్యవైపు తిరిగాడు.

సైమా కేక పెట్టింది. ఎగిరి గంతేసింది. పక్కనున్న తూరెని గట్టిగా వాటేసుకుంది.

ఉర్పో సంచి అందుకుని ఇంటిదారి పట్టబోయాడు.

“చూశావా తూరె, చివరికి నడుమే ముందు తిరిగింది,” అంటోంది సైమా ఆనందంతో ఒళ్ళు మరిచి, “ఇన్నాళ్ళూ పంపిన వీడియోల్లాగే దీన్నీ మీ ఆర్మాస్ మామయ్యకి చూపించి చెప్పు, నేను నేర్పబోతే నెల్లాళ్ళు అలిగి కూర్చునే మా ఆయన, ఇవాళ్టినుంచి నా పక్కనే నడుస్తాడని!”