ఎడమచేతి బొమ్మ

"ఈవిడ మీ అమ్మ కాదురా" అన్నాడు తండ్రి, బొమ్మను కొడుకు చేతిలోనే తిరిగి పెడుతూ.

చిత్రకారుడు మంచానికి ఎదురుగా ఉన్న గోడకేసి చూశాడు. అక్కడ గురువుగారు గీసిన స్త్రీ, సగం మూసిన కళ్లతో, పొడవాటి మెడతో కూర్చుని ఉంది. తన చేతిలో ఉన్నదీ ఆవిడే. బట్టలు మార్చుకుంది, అంతే తేడా.

అమ్మ ఫొటోలన్నీ వరదలో పోయాయి. ఆవిడ పోయేనాటికి తను చంటిబిడ్డ. ఇక ఆ ముఖం మిగిలింది తండ్రి జ్ఞాపకంలోనే. అక్కడా రోజుకి కొంత చెరిగిపోతుందని డాక్టరు చెప్పేశాడు. మొన్నటికి మొన్న కోడలినే పట్టుకుని, "ఎవరమ్మా నువ్వు, మా వంటింట్లో ఏం చేస్తున్నావ్?" అని అడిగాడు.

"ఇంకోసారి చెప్పు నాన్నా."

"ఇరుకు నుదురు. పైపళ్ల మధ్య సందు. నవ్వితే పెదవి ఓ పక్కకి జారేది."

అంతా విని మళ్లీ మొదలుపెట్టాడు. పెదవి దగ్గరికొచ్చేసరికి చెయ్యి తనంతట తనే దాన్ని సరిచేసేసింది. "ముందు నా గీత పట్టుబడనీ, నీ గీత సంగతి తర్వాత చూద్దాం" అనేవారు గురువుగారు. ఏళ్ల తరబడి ఆ ఒక్క ముఖాన్నే దిద్దించారు. ఆయన గీత ఒంటబట్టింది. తర్వాతి సంగతి చూడకుండానే ఆయన కన్నుమూశారు. గురువును మించకపోయినా సరే, ఆయన నుంచి తప్పించుకుంటే చాలనిపించింది చిత్రకారుడికి.

"చెయ్యి మీదే గానీ పెత్తనం ఆయనది" అంది భార్య, టీ కప్పు పక్కన పెడుతూ. "ఆయన దిద్దని చెయ్యి ఇంకోటుందిగా, దాంతో గీయండి."

ఆవిడ వేళాకోళానికే అంది. అతను మాత్రం పెన్సిల్ ఎడమచేతిలోకి మార్చాడు. గీతలు వంకరటింకరగా సాగాయి, పలక పట్టిన పసివాడు నయం. సాయంత్రానికి కాగితం మీద ఇరుకు నుదురు, పక్కకి జారిన పెదవి తేలాయి.

తండ్రి ఆ పెదవి మీద పెట్టిన వేలు చాలాసేపు తియ్యలేదు. కళ్లు చెమర్చాయి.

"ఇదేరా. ఇలాగే నవ్వేది. కళ్లు మాత్రం ఇలా కాదు... అలిసిపోయాను, రేపు చెబుతాలే."

చిత్రకారుడు ఆ రాత్రి బొమ్మను ఎదురుగా పెట్టుకునే భోంచేశాడు. బుద్ధెరిగాక అమ్మను చూడటం అదే మొదటిసారి మరి.

తెల్లారగానే బొమ్మ పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు.

"కళ్లెలా ఉండేవి నాన్నా?"

"ఎవరివి?"

"అమ్మవి."

తండ్రి కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు.

"ఎవర్రా ఈ వంకరమూతి మనిషి?" అంటూ దాన్ని పక్కన పడేశాడు. తర్వాత ఎదుటి గోడ మీది గురువుగారి బొమ్మను చూపించి, ఎంతో ప్రేమగా అన్నాడు:

"మీ అమ్మ అదిగో, ఎదురుగానే కూర్చుంది కదరా. చూసి గియ్యరాదూ?"