ఆయ్ అన్న పాపానికి

“జాజ్ వచ్చుగా?” అని హైదరాబాదు నుంచి సంగీత బృందం బిల్లీగారు ఫోన్లో అడిగితే పెళ్లిమేళాల తాతారావు “ఆయ్” అన్నాడు. అక్కడే కొంప మునిగింది.

కోనసీమలో ఆయ్ అంటే వచ్చనీ కాదు, రాదనీ కాదు. వింటున్నామండీ, తమరు కానివ్వండి అని. రాజోలు పక్కన ఒకాయన్ని కోర్టులో జడ్జిగారు “హత్య నువ్వే చేశావా?” అంటే మర్యాదకి ఆయ్ అనేసేడట. చచ్చినవాడు స్వయంగా వచ్చి సాక్ష్యం చెబితేగానీ వదల్లేదట. హైదరాబాదువాళ్లకి ఈ మర్యాదలు ఏం తెలుస్తాయి? తాతారావు ఆయ్ అన్నాడు, ఆయన రమ్మన్నాడు.

ఇప్పుడు దిండి దగ్గర గోదారొడ్డున, రిసార్టు స్టేజీ వెనక నిలబడి చెమటలు కక్కుతున్నాడు తాతారావు. మెళ్లో సాక్సోఫోను, చంకలో క్లారినెట్టు, నడుముకి దోపిన పిల్లనగ్రోవి, సంచిలో సన్నాయి. ఊదేది ఏదైనా సరే అతనికి లోకువే. పొయ్యిగొట్టం ఇచ్చినా కల్యాణి పలికిస్తాడు. అందుకే తమ ఇంట్లో పొయ్యి సరిగ్గా మండి ఎరగదని పెళ్లాం హేమ గోల. కానీ జాజిపువ్వు తెలుసు, జాజికాయ తెలుసు. ఈ జాజ్ ఏవిటో?

ఈ సాయంత్రం గట్టెక్కితే బిల్లీగారి బృందంలో చోటు ఖాయం. లేదంటే పరువు గోదాట్లో. ఎందుకంటే “మా ఆయన జాజ్‌లో చేరేరు” అని హేమ అప్పుడే అమలాపురమంతా టముకేసేసింది. అంతటితో ఊరుకుందా, పక్కింటావిణ్ణి వెంటేసుకొచ్చి ఆఖరి వరసలో కూర్చుంది కూడాను.

బిల్లీగారు వచ్చేరు. నల్ల టోపీ, నల్ల కళ్లద్దాలు. పొద్దు వాలిపోతున్నా అద్దాలు తియ్యలేదు. జాజ్‌లో ఆయన్ని మించిన మొనగాడు లేడంటారు.

“రెడీనా?”

“ఆయ్.”

“ఆ ఆయ్ ఏంటి మ్యాన్, మేక అరిచినట్టు! యెస్ అను.”

“ఆయ్... యస్సండి.”

“చూడు. నేను వేలెత్తి చూపిస్తే సోలో నీది. నువ్వొక్కడివే వాయించాలి.”

“ఏ పాటండి?”

“పాటేం ఉండదు. నీకేది తోస్తే అది వాయించెయ్. అదే జాజ్.”

పెళ్లిళ్లలో ఎప్పుడైనా తాతారావు తనకి తోచింది ఓ ముక్క కలిపితే “నీ సొంత కవిత్వం ఆపవయ్యా” అని కసురుతారు. ఇక్కడ ఈయన అదే వాయించమంటున్నాడు. ఇదేదో వేళాకోళం కాదు గదా! నిజం చెప్పేసి బయటపడదామని నోరు తెరిచేడు.

“బాబుగారూ, నాకు అసలు...”

ఈలోగా స్టేజీ మీద లైట్లు వెలిగేయి. బిల్లీగారు జబ్బ పట్టుకుని లాక్కుపోయేరు.

డ్రమ్ములాయన మొదలెట్టేడు. బిల్లీగారు కీబోర్డు మీద కాసేపు ఎడాపెడా కొట్టి, తాతారావు కేసి తిరిగి, వేలు పైకెత్తి ఆడించేరు.

పుట్టి బుద్ధెరిగాక తాతారావుకి తెలిసిన వేలు ఒక్కటే. పెళ్లిపందిట్లో పంతులుగారి వేలు. అది గాల్లో ఆడిందంటే తాళి పడుతోందని అర్థం. ఇక వెనకా ముందూ చూసేది లేదు, గట్టిమేళమే! బుర్రకి చెప్పాపెట్టకుండా ఊపిరితిత్తులు పని అందుకున్నాయి. సాక్సోఫోన్లో గట్టిమేళం ఎత్తుకున్నాడు.

ఆ ఊదుడు విని సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు, కూత పడింది కాబోలనుకుని జనం ఎక్కకుండానే నర్సాపురం వెళ్లిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

డ్రమ్ములాయన అదిరిపడి, డోలు దంచినట్టు దంచేడు. కుర్చీల్లో ఉన్నది తెలుగువాళ్లే కదా! గట్టిమేళం చెవిన పడగానే ఉన్నపళాన లేచి, చేతుల్లో ఉన్న పాప్‌కార్న్ అక్షింతల్లా స్టేజీ మీదకి విసిరేరు. బిల్లీగారు కూడా పెళ్లికొడుకులా బుద్ధిగా తల వంచేరు.

అంతే, తాతారావుకి పూనకం వచ్చేసింది. సాక్సోఫోను దించి క్లారినెట్టు, అది దించి పిల్లనగ్రోవి, ఆఖర్న సన్నాయి. ఏది తోస్తే అది ఊదేడు. ఎవరూ కసరలేదు. పైగా చప్పట్లు, ఈలలు. వెనకాల హేమ కుర్చీ ఎక్కి “ఆయన మా ఆయనేనండీ!” అని అరుస్తోంది.

స్టేజీ దిగేక తాతారావు మనసు ఆగలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“బాబుగారూ, తిట్టినా సరే, కొట్టినా సరే. నాకు జాజ్ రాదండి. ఫోన్లో మీరడిగితే, వింటున్నాననడానికి ఆయ్ అన్నాను. మీరు దాన్ని వచ్చుననుకున్నారు. ఇప్పుడు నే వాయించింది ఉత్త గట్టిమేళమండి.”

తాతారావు సన్నాయిని సంచిలో పెట్టుకుని కదలబోతే బిల్లీగారు అడ్డం వచ్చేరు.

“ఎక్కడికి? బృందంలో నీ చోటు ఖాయం.”

తాతారావు గుండెల మీంచి కొండ దిగినట్టయింది. “రాదంటుంటే ఖాయం అంటారేంటండీ? సరే, ఇప్పుడైనా నేర్చుకుంటాను. తమరెక్కడ నేర్చేరో సెలవియ్యండి.”

బిల్లీగారు అటూ ఇటూ చూసేరు. నల్లద్దాలు తీసేరు. టోపీ మీది పాప్‌కార్న్ దులుపుకుంటూ గొంతు బాగా తగ్గించేరు.

“నా పేరు బుల్లబ్బాయండి. మాదీ కోనసీమేనండి, పి.గన్నవరం. నన్నూ ఫోన్లోనే అడిగేరండి.”