నాలుగు పేర్లు, ఒక గొంతు

జిల్లాలో బడి మానిన పిల్లలే లేరని ఫ్లెక్సీ కట్టుకున్న అధికారులారా, శాలువాలు మీరు కప్పుకున్నారు గానీ, ఆ లెక్కను నిలబెట్టింది ఐదో తరగతి ఉరుకుందమ్మ.

బీఎడ్ చదువుతున్న సుప్రజ మొదటిసారి పాఠం చెప్పడానికి ఆ పల్లె బడికి వచ్చింది. చంకలో 'నిజాయితీ' చార్టు. హాజరు పిలిస్తే ఉరుకుందమ్మకే కాదు, ఈరన్నకూ తిక్కమ్మకూ రామాంజికీ కూడా ఒకే గొంతు పలికింది.

"నీకెన్ని పేర్లమ్మా?"

"నాదొకటే టీచర్. వాళ్లవి చూసుకుంటాండా."

"వాళ్లు యాడికి పోయినారు?"

"మిరపకాయలు కోసేకి గుంటూరు దిక్కు. అమ్మానాయనలతో పోయినారు. ఉగాదికి వస్తారు."

"రానోళ్లను వచ్చినారంటే అబద్ధం కాదా?" సుప్రజ చార్టు చూపించింది.

ఉరుకుందమ్మ చార్టు వైపు చూడనేలేదు. "పోయినేడు సుంకమ్మ పేరుకు ఎవరూ పలకలే. పేరు కొట్టేసినారు. కోతల నుంచి తిరిగొచ్చినాక బడిలో కూచోనీలే. ఇప్పుడు మేకల ఎంట పోతాండాది. వీళ్లనీ పంపిస్తారా టీచర్?"

సుప్రజ చార్టు చుట్టేసింది. ఆ మూడు పేర్లకు హాజరు వేయలేదు, గైర్హాజరూ వేయలేదు. 'మిరప కోతకు వలస వెళ్లారు. పేర్లు కొట్టేయకూడదు' అని రాసి సంతకం పెట్టింది.

ఆ హాజరు పట్టీ మీ బల్ల మీదికే వస్తోంది. ముందు ఫ్లెక్సీ దించండి. వలసపోయే ఇళ్ల పిల్లలకు ఈ వారమే ఊళ్లో హాస్టల్ తెరవండి. సుంకమ్మను పిలిచి బడిలో కూర్చోబెట్టండి. ఉరుకుందమ్మ ఇక తన ఒక్క పేరుకే పలకాలి.