మిగిలిన ఒక్క లైను

"ఇక ఒక్క లైనే మిగిలింది. ఎవరికిద్దాం?" అంది అక్క, యూనివర్సిటీ మ్యాపు మీద పెన్సిలు ఆనించి.

నెట్‌వర్క్ విభాగానికి ఆవిడే పెద్ద. హోదా ఏదైనా అక్కడ అందరికీ అక్కే. క్యాంపస్‌లో పాత తీగలు పీకి కొత్త ఫైబరు వేస్తున్నారు. ఈ విడతలో అందనివాళ్లు వచ్చే ఏడాది దాకా ఆగాల్సిందే.

"ఇంకెవరికి, నక్షత్రాల ల్యాబుకే," అన్నాడు ఇంజనీరు. "టెలిస్కోపు ఫొటోలు నెట్‌లో కదలక, డిస్కులు సంచిలో వేసుకుని మోస్తున్నారు పాపం."

"మరి లెక్కల తరగతి మేడమ్ సంగతో? రోజూ అడుగుతున్నారు," అంది అక్క.

"ఆవిడా? పక్క ఊరి క్యాంపస్‌లో టీచరు చెప్పే పాఠం ఇక్కడ తెర మీద చూస్తారు. వీడియో ఆగిపోతోందని ఒకటే గోల. ఫోన్ చేస్తే ఎత్తరు, మెసేజీలు మాత్రం వానలా కురిపిస్తారు. పాఠానికి మాట చాలదా అక్కా? ఆ టీచరేమన్నా సినిమా హీరోయినా, మొహం అంత తేటగా కనపడాలా?"

"సాయంత్రానికల్లా తేల్చేయాలి. ఒకసారి వెళ్లి చూసిరా."

"చూడ్డానికేముంది, వీడియో కట్టేస్తే పాత లైనే పరిగెడుతుంది. చేసి చూపించి వస్తా."

లెక్కల తరగతి తలుపు తట్టాడు. ఎవరూ పలకలేదు. తోసుకుని లోపలికెళ్లాడు. ఎవరూ తల తిప్పలేదు. ఇంత బుద్ధిమంతులైన పిల్లల్ని అతను ఏ తరగతిలోనూ చూడలేదు. గుసగుస కూడా లేదు. తెర మీద టీచరు రెండు చేతులూ పైకెత్తి, దోమను కొట్టబోతూ ఆగిపోయినట్టుంది. స్పీకర్లో మాత్రం సుద్దముక్క గీస్తున్న చప్పుడు పక్కనే ఉన్నంత స్పష్టంగా వస్తోంది.

"చూశారా మేడమ్, సౌండుకేం ఢోకా లేదు," అన్నాడు వెనక నుంచి.

మేడమ్ తెర వైపే చూస్తోంది. జవాబు లేదు. అతనికి ఒళ్లు మండింది. కంప్యూటరు దగ్గరికెళ్లి వీడియో కట్టేశాడు.

తెర నల్లబడింది. అందరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అతని జేబులో ఫోను వణికింది. ఎదురుగా నిలబడ్డ మేడమ్ పంపిన మెసేజీ: "దయచేసి వీడియో పెట్టండి. పాఠం పోతోంది."

మెసేజీ వంకా, ఆవిడ వంకా చూశాడు. వీడియో తిరిగి పెట్టి, మెట్ల దగ్గరికొచ్చి ఫోన్ చేశాడు.

"ఆ లైను లెక్కల తరగతికే రాయండక్కా."

"ఇంతలో ఏమైంది? సౌండు సరిగ్గా రావట్లేదా?"

"బ్రహ్మాండంగా వస్తోంది," అన్నాడు. "ఆ గదిలో చెవులు వినపడేది నాకొక్కడికే అక్కా."